వాలీబాల్ ఆటలో వరుస, వడి

శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి దాటి పలాస, మందస, సోంపేటల మీదుగా జలంత్రకోట వైపు సాగిపోవు వారికి, కుడి ప్రక్కన సముద్రపు ఒడ్డు వరకు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు కనబడును. ఈ సీమకే ఉద్దానమని పేరు. ఉద్యానమే ఉద్దానమైనదని అందురు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను పలాసకు చేరువలో తీరము దాటినప్పుడు ఈ తోటలు కూకటివ్రేళ్లతో పెకలింపబడినవి. అట్టి తుఫాను ఎప్పుడో ఒకనాడు వచ్చునది. కాని పగలు నేల నీటికంటె త్వరగా వేడెక్కుటచే సముద్రము మీదినుండి వీచు గాలి ఇచ్చట నిత్యమును ఉండునదే. సాయంకాలము ఆట స్థలమునకు వచ్చిన విద్యార్థినులకు ఆ గాలి ఎంత హాయినిచ్చునో, పైకి లేచిన బంతిని అంతగా ప్రక్కకు నెట్టును. ఈ గాలి సంగతి చివర మరల అవసరపడును.

రెండు స్తంభములు, ఒక వల, ఒక బంతి ఉన్న చాలును కనుక, వాలీబాల్ మన పల్లెలలోను కళాశాలలలోను సులభముగా వేళ్లూనినది. ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలు మొదట ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా ఉండి, 2008లో ఎచ్చెర్లలో డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయము ఏర్పడిన పిదప దాని క్రిందికి వచ్చినవి. అంతర్ కళాశాల పోటీలు దగ్గర పడగానే ఏ కళాశాలలోనైనను వ్యాయామోపాధ్యాయునకు ఒకటే చిక్కు. పండ్రెండుగురు బాలికలు ఎదుట నిలుచుందురు. వారిలో ఆరుగురిని ఏరవలెను. ఆ ఆరుగురిని ఏ వరుసలో నిలుపవలెను? బంతిని ఎత్తుగా లేపి నిదానముగా ఆడింపవలెనా, తక్కువ ఎత్తున వడిగా ఆడింపవలెనా?

చాలచోట్ల ఈ చిక్కును కొలబద్దతో తీర్చుకొందురు. పొడవైనవారు లోపల, పొట్టివారు బయట. స్త్రీల ఆటలో వల పై అంచు నేలకు 2.24 మీటర్ల ఎత్తున ఉండుటచే ఈ పద్ధతి సబబుగానే తోచును. అయితే ఈ ఆట నడచివచ్చిన చరిత్రను చూచినచో, పొట్టివారిని బయట కూర్చుండబెట్టిన జట్లు పోగొట్టుకొన్నది తక్కువ కాదని తెలియగలదు.

ఈ ఆట పుట్టినప్పుడు వడి అను మాటకే తావు లేదు. 1895లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, హోలియోక్ పట్టణపు వై. ఎం. సి. ఎ.లో విలియం జి. మోర్గన్ అను వ్యాయామ నిర్వాహకుడు దీనిని కల్పించెను. అంతకు నాలుగేండ్ల క్రితమే దగ్గరి స్ప్రింగ్‌ఫీల్డులో పుట్టిన బాస్కెట్‌బాల్ నడివయస్సు వర్తకులకు మిక్కిలి శ్రమ కలిగించుచున్నదని, వారికి తేలికపాటి ఆట కావలెనని అతని ఉద్దేశము. మొదటి పేరు 'మింటొనెట్'. వల ఎత్తు ఆరున్నర అడుగులు. ఒక్కొక్క ప్రక్క ఎందరైనను ఆడవచ్చును, బంతిని ఎన్నిమార్లైనను తాకవచ్చును. 1896లో స్ప్రింగ్‌ఫీల్డులో ప్రదర్శన చూచిన ఆల్ఫ్రెడ్ హాల్‌స్టెడ్ సూచనపై ఇప్పటి పేరు వచ్చినది.

ఆటకు పదును వచ్చినది ఫిలిప్పీన్ దీవులలో. 1916 ప్రాంతమున అచ్చటి ఆటగాండ్రు ఒకరు బంతిని లేపి ఇచ్చుట, వేరొకరు ఎగిరి కొట్టుట అను జంట పనిని అలవరచిరి. తరువాత కొద్ది యేండ్లలోనే ప్రక్కకు ఆరుగురే ఉండవలెనని, వారు వంతులవారీగా స్థానములు మారవలెనని, మూడు తాకుళ్లలో బంతి వల దాటవలెనని నియమములు వచ్చినవి. మూడు తాకుళ్ల నియమము చిన్నదిగా కనబడును. కాని ఆటకు ప్రాణము అదియే. మొదటి తాకుడు ఎదుటివారి బంతిని అందుకొనుటకు, మూడవది కొట్టుటకు పోగా, రెండవ తాకుడు ఒక్కటే స్వేచ్ఛగా మిగిలినది. ఆ తాకుడు ఎవరిది, అది ఎంత ఎత్తుకు, ఎవరి చేతికి అను మూడు ప్రశ్నలలో వరుసయు వడియు రెండును ఇమిడి ఉన్నవి. ఈ రెండవ తాకుడు తాకువారినే సెట్టర్ అనియు, మన ఊళ్ళలో బూస్టర్ అనియు పిలుతురు.

మన దేశమునకు ఈ ఆటను తెచ్చి నాటినది కూడ వై. ఎం. సి. ఎ. సంస్థయే. 1920లో హెచ్. సి. బక్ మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాలను నెలకొల్పెను. ఆ కాలమున తెలుగు జిల్లాలలో అధిక భాగము మద్రాసు రాష్ట్రములోనివే. పలాస, టెక్కలి ప్రాంతము 1936 వరకు గంజాం జిల్లాలో ఉండెడిది. అందుచే మన పాఠశాలల పాత డ్రిల్లు మాస్టర్లలో మద్రాసు శిక్షణ పొందినవారు కనబడుట వింత కాదు. భారత వాలీబాల్ సమాఖ్య 1951లో ఏర్పడినది. 1958 టోక్యో ఆసియా క్రీడలలో ఆరుగురి ఆటయందు మన పురుషుల జట్టు మూడవ స్థానమును, 1962 జకార్తాలో రెండవ స్థానమును పొందినది.

ఆరుగురి ఆట అని ప్రత్యేకించి చెప్పుటకు కారణము కలదు. తూర్పు ఆసియా దేశములలో చిరకాలము తొమ్మిదిమంది ఆట వ్యాపించి ఉండెను. అందులో స్థానములు మారుట లేదు. పొడవైనవారు వల దగ్గరనే, చురుకైన పొట్టివారు వెనుకనే ఆట యంతయు ఉండవచ్చును. ఆరుగురి ఆటలో అది సాగదు. సర్వీసు హక్కు మరల తమ ప్రక్కకు వచ్చినప్పుడెల్ల ఆరుగురును గడియారపు ముల్లు దిశలో ఒక్కొక్క స్థానము జరుగుదురు. వెనుకనున్నవారు ముందునకు రాక తప్పదు, ముందున్నవారు వెనుకకు పోక తప్పదు. గ్రహములవలె అందరును తిరుగుచునే ఉందురు.

ఇచ్చట విద్యార్థులు ఒక లెక్క చేయవచ్చును. పండ్రెండుగురిలో ఆరుగురిని 924 విధముల ఏరవచ్చును. ఏరిన ఆరుగురిని వలయముగా నిలుపుటకు 120 విధములు. ఒక్కొక్క వలయమును ఆరు స్థానములలో ఎచ్చటనుండియైనను మొదలుపెట్టవచ్చును కనుక మొత్తము 720. వీనిలో మేలైనది ఏది? ఇన్నింటిని ఎవరును ఆడి చూడలేరు. అనుభవము వీనిని మూడు తెగలుగా తగ్గించినది. సెట్టర్లు ఇద్దరు, కొట్టువారు నలుగురు ఉండి, ముందు వరుసలోనున్న సెట్టరే బంతిని అందించుట 4–2 పద్ధతి. ఇందులో కొట్టుటకు ముందు ఎప్పుడును ఇద్దరే మిగులుదురు. సెట్టర్లు ఇద్దరే అయినను, వెనుక వరుసలోనున్న ఆమె ముందునకు పరుగెత్తి వచ్చి అందించునది 6–2. ఇందులో ఎల్లప్పుడును ముగ్గురు కొట్టగలరు. కాని ముందునకు వచ్చిన సెట్టర్ కూడ కొట్టనేర్చినదై ఉండవలెను. ఒక్క సెట్టరే ఆట యంతయు నడుపునది 5–1. ఆమె వెనుకనున్న మూడు వంతులలో ముగ్గురు, ముందున్న మూడు వంతులలో ఇద్దరు కొట్టువారుందురు. ఆమెను మొదట కుడి వెనుక మూలన, అనగా సర్వీసు చేయు స్థానమున నిలిపినచో, ముగ్గురు కొట్టువారున్న మూడు వంతులును ఆట మొదటనే దొరకును.

ఇంతవరకు వరుస సంగతి. వడి మాట చరిత్రలోనికి బలముగా వచ్చినది జపాను స్త్రీల వలన.

ఒసాకా సమీపమున కైజుకా అను చోట నిచిబో అను నూలు కంపెనీ మిల్లు ఒకటి ఉండెడిది. ఆ కంపెనీ స్త్రీల జట్టుకు హిరోబుమి దైమత్సు శిక్షకుడు. మిల్లులో పగలు పని ముగించుకొని ఆ యువతులు అర్ధరాత్రి వరకు అభ్యాసము చేసెడివారు. 1950ల చివర తొమ్మిదిమంది ఆట విడిచి ఆరుగురి ఆటకు మారినప్పుడు వారి ఎదుట ఒక పెద్ద గోడ నిలిచినది. అది సోవియట్ జట్టు. 1952లో మాస్కోలో జరిగిన మొదటి స్త్రీల ప్రపంచ పోటీలలోనే గెలిచినవారు, ఎత్తరులు, దృఢకాయులు. ఎత్తులో వారితో పోటీపడుట అసాధ్యము. కనుక దైమత్సు వెనుక వరుసనుండి మొదలుపెట్టెను. నేలమీద పడబోవు బంతిని దొర్లి అందుకొని, ఆ దొర్లుటతోనే మరల లేచి నిలుచు పద్ధతిని నేర్పెను. ఎటు పడవేసినను లేచి కూర్చుండు తంజావూరు బొమ్మను మనవారు ఎరుగుదురు. అట్టి బొమ్మను చూచియే ఆయనకు ఆ ఊహ కలిగినదని చెప్పుదురు. దీనివలన కలిగిన లాభము బంతి దక్కుట మాత్రమే కాదు. పడినామె తక్షణమే లేచి తరువాతి పనికి సిద్ధమగును. అనగా జట్టుకు కాలము మిగులును.

వారి సర్వీసు కూడ వేరు రకము. బంతి ఏ మాత్రము తిరుగకుండ చదునైన అరచేతితో కొట్టుదురు. తిరుగు బంతి దారి ముందే ఊహింపవచ్చును. తిరుగని బంతి వెనుక గాలి ప్రవాహము ఒకవైపు ముందుగా, ఒకవైపు ఆలస్యముగా విడిపోవుచుండుటచే, అది చివరి క్షణమున అటో ఇటో జరుగును. అందుకొనువారి మొదటి తాకుడు చెడినచో రెండవ తాకుడునకు వ్యవధి ఉండదు.

1960లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో జపాను స్త్రీలు సోవియట్ జట్టుకు లోబడి రెండవ స్థానము పొందిరి. 1962లో మాస్కోలోనే సోవియట్ జట్టును ఓడించిరి. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో స్త్రీల జట్టు ఆట ఒకటి చేర్చబడుట అదియే ప్రథమము. ఆ ఆట వాలీబాల్. అక్టోబరు 23వ తేదీన జపాను 15–11, 15–8, 15–13 తో సోవియట్ జట్టుపై గెలిచినది. జట్టు నాయిక మసాయె కసాయి. పండ్రెండుగురిలో పదిమంది ఆ నూలు కంపెనీవారే. ఆ అర్ధరాత్రి అభ్యాసములను గొప్పగా చెప్పుకొనువారు నేటికిని కలరు. దెబ్బలు తగిలినను, జ్వరము వచ్చినను ఆపని శిక్షణ అది. మన కళాశాల బాలికల విషయమున దానిని అనుకరింపవలసిన పని లేదు. అందులో నేర్చుకొనదగినది కాలమును లెక్కించిన తీరు మాత్రమే.

ఆ లెక్క భౌతిక శాస్త్రము చదువు విద్యార్థికి కష్టమేమియు కాదు. సెట్టర్ చేతినుండి బంతి 2 మీటర్ల ఎత్తున వెడలుననియు, కొట్టునామె 2.5 మీటర్ల ఎత్తున దానిని అందుకొనుననియు అనుకొందము. బంతిని 6 మీటర్ల ఎత్తుకు లేపినచో, పైకి పోవుటకు 0.90 సెకను, దిగివచ్చుటకు 0.85 సెకను, మొత్తము 1.75 సెకనులు. 4 మీటర్లకే లేపినచో 1.19 సెకనులు. 2.8 మీటర్లకు మించనీయనిచో 0.65 సెకను మాత్రమే. ఇప్పుడు వల కావలి వైపు చూడుము. మధ్యనున్న బ్లాకర్‌కు బంతి ఎటు పోవుచున్నదో గ్రహించుటకు 0.2 సెకను, వల వెంట 3 మీటర్లు ప్రక్కకు పోవుటకు సుమారు 1 సెకను, ఎగురుటకు 0.3 సెకను, వెరసి ఒకటిన్నర సెకనులు కావలెను. ఎత్తు బంతికి ఆమె చేరుకొని గోడవలె నిలుచును. మధ్యరకపు బంతికి చేరలేదు. ఇక 0.65 సెకను బంతికి ఆమె ఎంత పొడవరియైనను ప్రయోజనము లేదు, ఎదుటనే నిలిచి ఉన్నచో తప్ప.

అందుచేతనే జపాను శిక్షకులు రెండవ ఉపాయము పన్నిరి. ఒకతె వేగపు బంతికి ఎగిరినట్లు నటించును. ఎదుటి బ్లాకర్ ఆమెతో ఎగురును. 40 సెంటీమీటర్లు ఎగిరినవారు గాలిలో ఉండునది 0.57 సెకను. ఆమె దిగుచున్న ఆ సగము సెకనులో, వెనుక నుండి రెండవ ఆటగత్తె వచ్చి అదే చోట కొట్టును. కాలభేదపు దాడి అని దీనికి జపాను భాషలో పేరు. యసుతక మత్సుదైర శిక్షణలోని జపాను పురుషుల జట్టు ఇట్టి ఎత్తుగడలతోనే 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో స్వర్ణము గెలిచినది. స్త్రీల జట్టు షిగెయో యమద శిక్షణలో తమ వేగపు దాడికి 'హికరి', అనగా వెలుగు, అని పేరు పెట్టుకొని 1976 మాంట్రియల్‌లో ఒక్క సెట్టు కూడ పోగొట్టుకొనక గెలిచినది.

ఇంతటితో వడియే సర్వస్వమని తీర్పు చెప్పుట తొందరపాటు. క్యూబా స్త్రీలు 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింటను వరుసగా స్వర్ణములు గెలిచిరి. యుజీనియో జార్జి తీర్చిదిద్దిన ఆ జట్టులో సెట్టర్లు ఇద్దరు, వారును ముందు వరుసకు రాగానే కొట్టువారే. కొట్టుటలో వారికి సాటి లేదు. 175 సెంటీమీటర్ల ఎత్తు గల మిరేయా లూయిస్ ఎగిరి బంతిని 3.3 మీటర్లకు పైన అందుకొనెడిది. బ్లాకర్ చేతులకు పైనుండి కొట్టగలవారికి ఆమెను తప్పించుకొనవలసిన అగత్యమేమి? వారికి కాలముతో పని తక్కువ. అయితే అట్టి ఎగురు నేర్పుతో వచ్చునది కొంత, పుట్టుకతో వచ్చునది కొంత. చైనా జట్టు 1980లలో లాంగ్ పింగ్ వంటి బలమైన కొట్టువారిని, వేగపు ఎత్తుగడలను కలిపి, 1984 లాస్ ఏంజిలిస్‌లో ఒలింపిక్స్ స్వర్ణము పొందినది.

మన వైపున కూడ ఈ ఆటకు పేరు తెచ్చినవారు లేకపోలేదు. హైదరాబాదుకు చెందిన అబ్దుల్ బాసిత్ 1989లో అర్జున పురస్కారమును పొందెను. 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన జట్టులోని పి. వి. రమణకు ఆ పురస్కారము 2000లో లభించినది. బాడ్మింటన్ క్రీడాకారిణి పి. వి. సింధుకు ఆయన తండ్రి. ఆమె తల్లి విజయ కూడ వాలీబాల్ క్రీడాకారిణియే. ఈ తల్లిదండ్రుల ఎత్తును చూచి, వాలీబాల్ అనగా పొడవరుల ఆటయే అనువారుందురు. వారికి ప్రత్యుత్తరముగా ఒక సెట్టర్ కథ చెప్పవలసి ఉన్నది.

జపానుకు చెందిన యోషియె తకెషితా ఎత్తు 159 సెంటీమీటర్లు. అనగా అయిదు అడుగుల మూడు అంగుళములు కూడ నిండలేదు. మన కళాశాలలలో ఈ ఎత్తు గల బాలికలు అరుదు కారు. జపాను స్త్రీల జట్టు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు అర్హత పొందలేకపోయినది. స్త్రీల వాలీబాల్ ఒలింపిక్స్‌లో చేరిన తరువాత అర్హత పోటీలలో వారికట్టి ఓటమి అదియే మొదటిది. నింద సెట్టర్ ఎత్తుపై పడినది. వల దగ్గర ఆమె నిలిచినచో ఎదుటివారికి అది తెరచిన వాకిలి అనిరి. ఈ మాటలో నిజము లేకపోలేదు. 5–1 పద్ధతిలో సెట్టర్ మూడు వంతులు ముందు వరుసలో ఉండక తప్పదు, ఆ మూడు వంతులును ఎదుటివారు ఆమె మీదుగానే కొట్టుదురు. ఆమె 2002లో ఆట విడిచి, కొంతకాలము పిదప మరల వచ్చినది. తరువాతి శిక్షకులు వేసిన లెక్క వేరు. ఆ మూడు వంతులలో బ్లాక్ వలన పోవు పాయింట్లు ఎన్ని, ఆరు వంతులలోను ఆమె చేతి వడి, గురి వలన వచ్చు పాయింట్లు ఎన్ని? 2006 ప్రపంచ పోటీలలో జపానుకు ఆరవ స్థానమే దక్కినను, అత్యుత్తమ క్రీడాకారిణిగా ఎన్నికైనది తకెషితాయే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆమె సెట్టర్‌గా జపాను జట్టు కొరియాను ఓడించి కాంస్యము గెలిచినది. 1984 తరువాత ఆ దేశపు స్త్రీలకు వాలీబాల్‌లో ఒలింపిక్స్ పతకము అదియే.

నియమములు కూడ పొట్టివారికి కొంత చోటు కల్పించినవి. 1998 నుండి అంతర్జాతీయ పోటీలలో లిబెరో అను ప్రత్యేక ఆటగత్తె వచ్చినది. వేరు రంగు చొక్కా ధరించి, వెనుక వరుసలో మాత్రమే ఆడుచు బంతిని అందుకొనును. ఇంచుమించు అదే కాలమున పాయింటు పద్ధతియు మారినది. అంతకు ముందు సర్వీసు చేసిన ప్రక్కకే పాయింటు. ఇప్పుడు ప్రతి బంతికి ఎవరికో ఒకరికి పాయింటు వచ్చి 25కు సెట్టు ముగియును. కనుక బలహీనమైన వంతులో రెండు మూడు బంతులు పోయినచో వెనుకటివలె సర్వీసు హక్కు మాత్రమే గాక పాయింట్లే పోవును. వరుస ఎంపికకు విలువ పెరిగినది.

ఇక ఉద్దానపు గాలి వద్దకు రావచ్చును. పెద్ద పట్టణములలో కప్పు క్రింద ఆడువారికి ఈ ప్రశ్న లేదు. ఆరుబయట ఇసుక నేలపై, సెకనుకు 5 మీటర్ల గాలి వీచుచున్నదనుకొందము. వాలీబాల్ బరువు 260 నుండి 280 గ్రాములు మాత్రమే, చుట్టుకొలత 65 నుండి 67 సెంటీమీటర్లు. గాలి ఈ తేలిక బంతిని నిలకడగా త్రోయుచుండును. అట్లు త్రోయబడిన వస్తువు జరుగు దూరము కాలపు వర్గముననుసరించి పెరుగును. 1.75 సెకనులు ఆకాశమున ఉన్న ఎత్తు బంతి మీటరుకు పైగా తప్పుకొనును. 0.65 సెకను బంతి జానెడు జరుగును. తేడా ఏడు రెట్లు. కొట్టునామె పరుగెత్తి వచ్చి ఎగిరిన తరువాత మీటరు దూరము సర్దుకొనలేదు, జానెడు సర్దుకొనగలదు. పొడవైన బాలికలున్న జట్టుకు కూడ సముద్రతీరమున ఎత్తు బంతి నమ్మదగినది కాదని దీనివలన తేలుచున్నది. టాస్ గెలిచిన నాయిక ఏ ప్రక్క కోరవలెనో నిర్ణయించునప్పుడు మొదట చూడవలసినది కొబ్బరి మట్టలు ఎటు వంగుచున్నవో.

కాని తక్కువ ఎత్తు బంతి ఆడుటకు ఒక అడ్డు కలదు. మొదటి తాకుడు సెట్టర్ నెత్తిమీదికి రాక, మూడు గజముల దూరమున పడినచో వడి మాట మరచిపోవలసినదే. అప్పుడు ఎత్తు బంతి తప్ప గతి లేదు. కనుక ఆరుగురిని ఏరునప్పుడు మొదట చూడవలసినది ఎవరు బంతిని నిలకడగా అందుకొందురను సంగతి. అట్టివారు ముగ్గురు దొరకినచో వారిని వలయములో ఒకరి ప్రక్క ఒకరిని గాక, ఎడముగా పంచి నిలుపవలెను. లేనిచో ఒక వంతులో ముగ్గురును ముందు చేరి వెనుక ఖాళీ అగును. సెట్టర్ ఒక్కతె దిట్టమైనదియై, రెండవది అంతంతమాత్రమైనచో 5–1 మేలు. ఇద్దరును ఇంచుమించు సమానులైన క్రొత్త జట్టుకు 4–2 తో మొదలుపెట్టుటయే మంచిది, కొట్టువారు ఇద్దరే ఉన్నను తడబాటు తక్కువ. 6–2 ఆకర్షణీయముగా కనబడును కాని, వెనుకనుండి పరుగెత్తి వచ్చు సెట్టర్‌కు మొదటి తాకుడు సరిగా రాని జట్టు దాని జోలికి పోరాదు.

ఉపాధ్యాయులు దీనిని పరీక్షించుటకు పెద్ద సామగ్రి అవసరము లేదు. ఆగు గడియారము ఒకటి ఉన్న చాలును, నేడు అది ప్రతి చేతి ఫోనులోను ఉన్నది. ఒక విద్యార్థిని బయట నిలిచి, సెట్టర్ చేయి విడిచిన క్షణము నుండి కొట్టునామె చేయి తగిలిన క్షణము వరకు పట్టిన కాలమును, బంతి ప్రక్కకు జరిగిన దూరమును ఇరువది బంతులకు వ్రాసికొనవలెను. ఆమె ప్రక్కనే మరొకతె, ఎదుటి బ్లాకర్ మధ్యనుండి వల చివరకు పోయి ఎగురుటకు పట్టిన కాలమును వ్రాయవలెను. గాలి లేని ఉదయమున ఒకమారు, గాలి వీచు సాయంకాలమున ఒకమారు ఇట్లు చేసినచో రెండు పట్టికలు వచ్చును. బంతులను అందించు పనిని పొడవైన సెట్టర్‌కు పది, పొట్టి సెట్టర్‌కు పది అప్పగించి, వారి పేర్లు కప్పి, అంకెలు మాత్రము జట్టు ఎదుట చదువవచ్చును.